గంజి మచ్చ

మా సంఘంలో దీవెన అనే పేరున్నవాళ్ళు ముగ్గురు. ఒకరు పాస్టరుగారి మరదలి కూతురు, ఒకరు మేస్త్రీ కుర్మయ్య కోడలు, మూడో దీవెన నా మనుమరాలు. జరిగినదానికి మొదలు ఇక్కడే ఉంది కాబట్టి ముందుగా ఈ మాట చెబుతున్నాను.

కరోనాకు ముందు బుధవారం కూడికకు పోయేటప్పుడు ప్రార్థన మనవిని చీటీ మీద రాసి పెట్టెలో వేసేవాళ్ళం. పాస్టరమ్మ కృపాజ్యోతి ఒక్కో చీటీ తీసి చదివేది. ప్రార్థన అయ్యాక చీటీలన్నీ పొయ్యిలో వేసేది. గుడి మూతపడ్డప్పుడు పెట్టె పోయి వాట్సాప్ గ్రూపు వచ్చింది. గుడి మళ్ళీ తెరిచారు గానీ పెట్టె మళ్ళీ రాలేదు.

ఫోనులో రాయడం నాకు రాదు. మైకు బొమ్మ మీద వేలు నొక్కిపట్టి మాట్లాడతాను. విన్నపం చేసేటప్పుడు గుర్తులు సరిగ్గా చెప్పాలని నాకొక పట్టింపు ఉండేది. దీవెనకు జ్వరం, ప్రార్థించండి అంటే వినేవాళ్ళు ఏ దీవెన అనుకోవాలి? అందుకని అన్నీ చెప్పేదాన్ని. చనిపోయిన శాంతయ్య మనుమరాలు, శాంసన్, ప్రేమజ్యోతిల బిడ్డ, ఉండేది మా ఊరు హిమాయత్‌నగర్, చదివేది మొయినాబాద్‌లో ఎనిమిదో తరగతి, పొద్దున ఎనిమిదింపావు షేర్ ఆటోలో పోతుంది, లెక్కలంటే భయం, ఎడమ చేతి మీద గంజి కాలిన మచ్చ ఉంటుంది. ఆ మచ్చ ఎట్లా పడిందో, అప్పుడు ఎవరెక్కడ ఉన్నారో కూడా చెప్పేదాన్ని. ఏ మనవీ నాలుగు నిమిషాలకు తక్కువ ఉండేది కాదు. సారక్క ప్రార్థన మనవి అంటే ఆధార్ కార్డే అని కుర్మయ్య ఎగతాళి చేసేవాడు. నేనూ నవ్వేదాన్ని.

నేను బడికి పోలేదు. నలభై ఏళ్ళు దాటాక కీర్తనల పుస్తకంలో చదువు నేర్చుకున్నాను. పాట నోటికి వచ్చు కదా. పక్కన కూర్చున్నామె ఆ పాట ఏ పేజీలో ఉందో చూపేది. నోట్లో ఉన్న మాటను వేలు కింద ఉన్న అక్షరానికి జత చేసుకుంటూ పోయాను. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఏ అచ్చయినా చదువుతాను, పెదవులు కదులుతాయి అంతే.

నా చెల్లెలు నీలమ్మను పదకొండేళ్ళప్పుడు ఒకతను పట్నంలో ఇంటిపనికని తీసుకుపోయాడు. బాయి తవ్వకాల్లో నీతో పనిచేసినవాణ్ణి అని మా నాయనతో అన్నాడు. మా ఇంట్లో అందరి పేర్లూ చెప్పాడు, ఎద్దు పేరు కూడా చెప్పాడు. ఇన్ని పేర్లు తెలిసినవాడు పరాయివాడు ఎట్లా అవుతాడని మా నాయన అనుకున్నాడు. నీలమ్మ మళ్ళీ రాలేదు. అప్పటి నుంచి ఇంట్లోంచి బయటికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేదాకా నేను కూర్చోను. ఏదో ఒక పని పెట్టుకుని నిలబడే ఉంటాను.

నా కొడుకు శాంసన్ జన్వాడలో ఒక ఫాంహౌజ్ బండి నడుపుతాడు. కోడలు ప్రేమజ్యోతి దొంతన్‌పల్లిలో యూనివర్సిటీ హాస్టల్ వంటశాలలో పనిచేస్తుంది. ఇద్దరూ ఇల్లు చేరేసరికి ఆరు దాటుతుంది. బడివాళ్ళు హోంవర్కు ఫోనుకే పంపుతున్నారని జూన్ నెలలో శాంసన్ తన పాత ఫోను దీవెనకు ఇచ్చాడు. ఫోనుకు తాళం పెట్టొద్దని, ముందరి అర్రలోనే కూర్చుని చూడాలని రెండు షరతులు పెట్టాడు. నాలుగింటి నుంచి ఆరింటి దాకా దీవెన మంచం మీద కూర్చునేది, నేను గడప దగ్గర నిలబడి బియ్యమో పప్పో ఏరేదాన్ని. పిల్ల కళ్ళముందే ఉంది కాబట్టి ఎక్కడికీ పోలేదనుకున్నాను.

దసరా సెలవుల తర్వాత దీవెన శుక్రవారం ఉపవాసం మొదలుపెట్టింది. పదమూడేళ్ళ పిల్లకు ఇంత భక్తి రావడం నాకు సంతోషమయింది. అది కూడా గ్రూపులో చెప్పాను. బిడ్డ ఒళ్ళు తగ్గుతున్నదని ప్రేమజ్యోతి అంటే, పొడుగు పెరిగే వయసు అని సర్దిచెప్పాను.

నవంబరులో ఒక శుక్రవారం బడి నుంచి ఫోను వచ్చింది. ప్రార్థన వరసలో దీవెన కళ్ళు తిరిగి పడిపోయిందట. ఆటో ఎక్కి పోయాను. టీచరు గ్లూకోజు నీళ్ళు తాగించి కూర్చోబెట్టింది. శుక్రవారమే కాదు, సోమ, బుధవారాల్లో కూడా ఈ పిల్ల తన డబ్బా పక్కవాళ్ళకు ఇచ్చేస్తున్నదని ఆమె చెప్పింది. నాకు తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. ఇంటికి తీసుకొచ్చి రెండు ఇడ్లీలు తినిపించాను. తిన్నందుకు ఏడ్చింది. ఏడుస్తూనే నిద్రపోయింది.

ఫోను ఆమె పక్కన మంచం మీద ఉంది. టింగుమని మోగి వెలిగింది. అవ్వకు కీర్తనల పుస్తకం తప్ప ఏదీ చదవరాదని దీవెన నమ్మకం. ఆ నమ్మకం తప్పని నేనెప్పుడూ చెప్పలేదు, అడగలేదు కాబట్టి. తీసి చదివాను.

‘రేపు పది గంటలకు చేవెళ్ళ బస్టాండు. తెల్ల కారు. ఎవరికీ చెప్పకు దీవెనా. చెబితే నీ ఉపవాసాల ఫలం పోతుంది.’

రాసినవాడి పేరు దగ్గర ‘ప్రార్థన అన్న’ అని ఉంది. ఫొటోలో మనిషి లేడు, పావురం ఉంది. పైన ఇంకా చాలా ఉన్నాయి. వేలితో తోస్తుంటే వస్తూనే ఉన్నాయి. మొదటిదాకా పోవడానికి చాలాసేపు పట్టింది. ఆ మొదటిది ఇట్లా ఉంది.

‘దీవెనా, నువ్వు నాకు తెలియదు. ప్రార్థనలో దేవుడు నిన్ను చూపించాడు. నీ తాత శాంతయ్య ప్రభువు దగ్గర ఉన్నాడు. నీకు లెక్కలంటే భయం. నీ ఎడమ చేతి మీద మచ్చ ఉంది. రెండేళ్ళప్పుడు అరుగు అంచున ఉన్న గంజి గిన్నెను నువ్వు గుంజుకోవడం నేను దర్శనంలో చూశాను.’

తర్వాతవి వరసగా చదివాను. మచ్చ ఫొటో పంపు, దాని మీద చేయి ఉంచి ప్రార్థిస్తాను అన్నాడు. పంపింది. ముఖం పంపు అన్నాడు. పంపింది. ఉపవాసాలు పెంచమన్నాడు. మీ అమ్మకు విశ్వాసం తక్కువ, ఆమెతో చెప్పకు అన్నాడు. పోయిన వారం ఇంకో రకం ఫొటోలు అడిగాడు. వాటికి దీవెన జవాబు రాయలేదు. రాయనందుకు దేవుడు బాధపడుతున్నాడని మూడుసార్లు రాశాడు. ఆ మూడింటి తర్వాత చేవెళ్ళ మాట వచ్చింది.

అవన్నీ నా మాటలే. తాత పేరు, లెక్కలు, మచ్చ, గిన్నె, అరుగు అంచు. నా నోటి నుంచి గ్రూపుకు పోయి, అక్కడి నుంచి ఒకడి చెవికి పోయి, మళ్ళీ మా ఇంటికే వచ్చాయి.

నాలుగు గంటలకు దీవెన లేచింది. ఫోను నా చేతిలో చూసి ముఖం గట్టి చేసుకుంది. అరిస్తే రేపు నాకు చెప్పకుండా పోతుంది. ఫోను దాచిపెడితే చేవెళ్ళకు ఫోను లేకుండానే పోతుంది. షేర్ ఆటో ఎక్కడం ఆమెకు రోజూ అలవాటే. నమ్మిన పిల్లను గొళ్ళెం పెట్టి ఎన్ని శనివారాలు ఆపగలను?

ముందు నా ఫోను తెచ్చి గ్రూపులో నేను పెట్టిన పాత మనవులు ఒక్కొక్కటి వినిపించాను. జ్వరానిది, అర్ధసంవత్సర పరీక్షలది, తాత వర్ధంతిది. నా గొంతు నాకే పరాయిదానిలా వినబడింది. ఆయనకు ఇవన్నీ చెప్పింది దేవుడు కాదు బిడ్డా, నేను అన్నాను.

దీవెన అంతా విని తల అడ్డంగా ఊపింది. “అన్న మన గ్రూపుల లేడు అవ్వా. నువ్వు చెప్పుడు వేరు, దేవుడు చూపించుడు వేరు. గంజి గిన్నె నేను గుంజుకున్నది ఆయన కండ్లతోని చూసిండు.”

నా దగ్గర ఇంకొక్క మాటే మిగిలి ఉంది. అది పదకొండేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట.

ఆ రోజు ప్రేమజ్యోతి గిన్నె దించిపెట్టి నల్లా దగ్గరికి నీళ్ళకు పోయింది. గంజి వంచింది నేను. మూత మీద గుడ్డ జారింది. వెనకనుంచి నడుచుకుంటూ వచ్చిన పిల్లను నేను చూడలేదు. గంజి సగం పిల్ల చేతి మీద, సగం నా పాదం మీద పడింది. జనం పోగయ్యారు. పిల్ల గిన్నెను గుంజుకున్నదని నా నోరే చెప్పింది. నేను పెరట్లో మేకలకు ఆకు వేస్తున్నానని కూడా చెప్పింది. గిన్నె అంచుకు పెట్టి పోయింది తానేనేమో అని ప్రేమజ్యోతి ఏడ్చింది. నేను కాదనలేదు. అప్పటికి వాళ్ళిద్దరూ లింగంపల్లిలో కిరాయికి ఉందామని అనుకుంటున్నారు. ముసలిదాని చేతిలో పిల్లకు భద్రం లేదని తెలిస్తే పిల్లను తీసుకుని పోతారు, ఇక ఇల్లు ఖాళీ అవుతుందని నాకు భయం. వాళ్ళు పోలేదు. అబద్ధం పనిచేసింది. ప్రేమజ్యోతి మాత్రం ఆ రోజు నుంచి గంజి వంచలేదు. కుక్కర్ కొనుక్కుంది. దీవెనకు ఏ బట్టలు కొన్నా పొడుగు చేతులవే కొనేది.

“గిన్నె నువ్వు గుంజుకోలే” అన్నాను. “నేనే ఒలకబోసిన. దేవుడు నిజంగ చూపిస్తే, వానికి నేను గూడ కనబడాలె.”

దీవెన నమ్మలేదు. నన్ను పోనీయకుండ చేసెతందుకు చెప్తున్నవు అంది. ఎడమ పాదం మంచం మీద పెట్టి చూపించాను. మచ్చ వేళ్ళ దగ్గర నుంచి మడమ దాకా ఉంటుంది. అడిగినవాళ్ళకు పొయ్యిలో నిప్పు పడిందని చెప్పేదాన్ని. దీవెన తన చేతిని పక్కన పెట్టి చూసింది. రెండింటికీ రంగు ఒకటే, ముడతలు ఒకటే.

తర్వాత ఆమె చేసిన పని నాకు తట్టి ఉండేది కాదు. ఫోను తీసుకుని రాసింది. రాసింది నాకు చదివి వినిపించింది. ‘అన్నా, గంజి పడ్డప్పుడు మా అవ్వ ఎక్కడున్నది? దేవుణ్ణి అడిగి చెప్పు.’

ఇద్దరం ఫోను వైపే చూస్తూ కూర్చున్నాం. కాదు, ఆమె కూర్చుంది, నేను నిలబడ్డాను. బయట ఆటో ఒకటి ఆగి పోయింది. దేవుణ్ణి అడగడానికి అతనికి రెండు నిమిషాలు పట్టింది.

‘ఇప్పుడే ప్రార్థించాను. ఆ సమయంలో ఎవరూ లేరమ్మా. మీ అవ్వ పెరట్లో మేకలకు ఆకు వేస్తున్నది. దేవుడు నాకు స్పష్టంగా చూపిస్తున్నాడు.’

దీవెన దాన్ని రెండుసార్లు చదివింది.

“అవ్వా, నిజం చెప్పు. నువ్వు యాడున్నవ్?”

“పొయ్యి కాడ.”

ఫోను బోర్లించి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆకలైతున్నది అంది. అన్నం పెట్టాను, తింది. తింటూ తింటూ, నా ఫొటోలు వాని దగ్గరనే ఉన్నయి కదా అని అడిగింది. ఉన్నయి, దాని సంగతి మీ అమ్మ వచ్చినంక చూద్దాం అన్నాను. నేను చెప్పగలిగింది అంతే.

ఆరున్నరకు శాంసన్, ప్రేమజ్యోతి వచ్చారు. కాళ్ళు కడుక్కోనిచ్చి మొత్తం చెప్పాను. చెప్పేటప్పుడు దీవెన వాళ్ళమ్మను ఆనుకుని కూర్చుంది. శాంసన్ లేచి బండి తాళాలు తీసుకున్నాడు. నలుగురిని తోలుకొని పోయి చేవెళ్ళలోనే వాని చేతులు విరగ్గొడతానన్నాడు. ఫోను పొయ్యిలో వేస్తానన్నాడు. ప్రేమజ్యోతి తాళాలు అతని చేతిలోంచి తీసుకుని కొంగుకు కట్టుకుంది. పొద్దున్నే పోలీసు స్టేషనుకు పోదాం, ఫోను ఉన్నది ఉన్నట్టు పట్టుకపోదాం అంది. అప్పటిదాకా నా వైపు చూడలేదు. ఇప్పుడు చూసింది.

“నేను గిన్నె యాడ పెట్టి పోయిన అత్తమ్మా?”

“కింద పెట్టి పోయినవ్. పొయ్యి పక్కకు, నేల మీద.”

తల ఊపింది. లేచి గిన్నెలు కడగడానికి పోయింది. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది.

శనివారం పొద్దున ఎనిమిదింటికి మొయినాబాద్ స్టేషనులో ఉన్నాం. సమత అనే కానిస్టేబులు మా మాట విన్నది. ఇరవై ఆరేళ్ళు ఉంటాయేమో. దీవెనను మొదట పేరు అడగలేదు, పొద్దున తిన్నావా అని అడిగింది. లేదంటే టిఫిను తెప్పించింది. “ముందు తిను చెల్లె. తప్పు నీది కాదు. తిన్నంక ఈ మాట మళ్ళొకసారి చెప్త” అంది. చెప్పినట్టే తిన్నాక మళ్ళీ చెప్పింది.

ఫోనులో ఒక్క ముక్క కూడా తుడిపేయవద్దంది. అతనికి ఇక జవాబు ఇవ్వవద్దు, రాసినవే సాక్ష్యం అంది. శాంసన్ చేతులు విరగ్గొట్టే సంగతి చెబితే, అన్నా నువ్వు ఆ పని చేస్తే వాడు దవాఖానల ఉంటడు, నువ్వు మా దగ్గర ఉంటవు, పాప ఒక్కతే ఉంటది అని నవ్వకుండా చెప్పింది. 1098కు ఫోను చేయించింది. అది పిల్లల కోసం పెట్టిన నంబరట, ఏ పిల్ల అయినా తనంత తానే చేయొచ్చట. అక్కడి నుంచి ఒకామె తర్వాత రెండుసార్లు ఇంటికి వచ్చి దీవెనతో విడిగా మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. అడగవద్దని ఆమె ముందే చెప్పింది, అది నాకు కష్టమయింది.

పది గంటలకు చేవెళ్ళలో ఏం జరిగిందో మాకు పూర్తిగా చెప్పలేదు. ఒకతన్ని పట్టుకున్నారని సాయంత్రం తెలిసింది. నలభై దాటినవాడు, ఇంట్లో ఆడపిల్లలున్నవాడు. అతని ఫోనులో మాలాంటి సంఘాల గ్రూపులు ఏడు ఉన్నాయట. దీవెనలాంటి పిల్లలు ఎంతమందో ఇంకా లెక్క తేలలేదు. దీవెన ఫొటోలు అతను ఇంకెవరికీ పంపినట్టు కనబడలేదని సమత చెప్పింది. కనబడలేదు అనే మాట నాకు చాలదు, కానీ ఆమె దగ్గర అంతకంటే గట్టి మాట లేదు.

మా గ్రూపులోకి ఎట్లా వచ్చాడనేది తేలికగానే తెలిసింది. పోయిన వేసవిలో సువార్త కూటాలకు పాస్టరు రత్నాకర్‌గారు వేయించిన పోస్టరు మీద ఒక నల్లచుక్కల గడి ఉంది. దాన్ని ఫోనుతో చూస్తే ఎవరైనా గ్రూపులో చేరిపోవచ్చు. చేవెళ్ళ రోడ్డు పొడుగునా ఆ పోస్టర్లు ఉన్నాయి. అతను గ్రూపులో వేరే పేరుతో, వేరే నంబరుతో ఉన్నాడు. శాంసన్ పాత ఫోను నంబరు కూడా ఆ గ్రూపులోనే ఉంది, ఇప్పుడు దీవెన పేరుతో. గ్రూపులో రెండువందల నలభై మంది ఉంటే, పాస్టరుగారు గుర్తుపట్టింది అరవై మందిని.

ఆదివారం సాక్ష్యాల వేళ నేను లేచి నిలబడ్డాను. దీవెన కథ చెప్పలేదు, అది ఆమెది. నా కథ చెప్పాను. పిల్లల పేర్లు, బళ్ళు, ఆటో వేళలు, రోగాలు దేవునికి చెప్పాలంటే తలుపు మూసుకుని చెప్పండి అన్నాను. దేవునికి గుర్తులు చెప్పాలనుకోవడం నా తెలివితక్కువతనం, ముగ్గురు దీవెనల్లో ఎవరు ఎవరో ఆయనకు తెలుసు అన్నాను. కూడిక అయ్యాక కుర్మయ్య నా దగ్గరికి వచ్చాడు. ఆధార్ కార్డు అని నవ్వినప్పుడే ఆపమని చెప్పి ఉండాల్సింది సారక్కా అన్నాడు. పాస్టరుగారు గ్రూపును మూసేశారు. పాస్టరమ్మ ఆ సాయంత్రమే బీరువా మీది నుంచి పెట్టె దించి తుడిచింది.

ఆ బుధవారం నేను చీటీ రాశాను. అక్షరాలు వంకరగా వచ్చాయి. ‘ఒక పాప కొరకు’ అని రాసి మడిచి వేశాను.

ప్రేమజ్యోతి మాత్రం ఆ శుక్రవారం నుంచి నాతో నేరుగా మాట్లాడలేదు. మీ అవ్వను తినుమను, మీ అవ్వ మందులేసుకున్నదా అడుగు అని దీవెనతో చెప్పించేది. వంట ఎప్పటిలాగే చేసేది, నా కంచంలో ఎప్పటిలాగే వడ్డించేది. తన చెల్లెలి ఊరికి పోతానని ఒకసారి శాంసన్‌తో అంటుంటే విన్నాను. ఎన్ని రోజులకు అని అడగలేదు. ఆ రాత్రి వాళ్ళ సంచులు ఎక్కడున్నాయో మాత్రం చూశాను. అటక మీదే ఉన్నాయి.

దీవెనకు ఫోను మళ్ళీ ఇచ్చారు, వాళ్ళమ్మ ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే. ఇప్పుడు అందులో వచ్చే ప్రతిదాన్నీ వాళ్ళమ్మకే కాదు, నాకు కూడా చదివి వినిపిస్తుంది. అవ్వకు చదవొస్తదని తెలిసినంక ఎవరు భద్రంగ ఉంటరు అని తన దోస్తులతో చెప్పిందట. ఒళ్ళు మెల్లగా తేరుకుంటున్నది. కొన్నిసార్లు ఊరికే గడప దాకా వచ్చి బయటికి చూసి వెనక్కి పోతుంది. ఎందుకని అడిగితే ఏం లేదంటుంది.

క్రిస్మస్‌కు రెండు వారాలుండగా ఒక ఆదివారం, గుడి నుంచి వచ్చాక, ప్రేమజ్యోతి అటక మీదికి ఎక్కింది. సంచుల కోసమే అనుకున్నాను. చేతిలో పని ఆపి చూస్తున్నాను. ఆమె సంచులను పక్కకు జరిపి పాత సత్తు గిన్నెను దించింది. పదకొండేళ్ళ మన్ను పట్టి ఉంది. చింతపండు వేసి తోమింది. దీవెన చేత బియ్యం కడిగించింది. అన్నం ఉడికాక మూత మీద గుడ్డ వేసి, గిన్నెను రెండు చేతులతో పట్టుకుంది. మూత పట్టుకుందామని అలవాటు కొద్దీ నేను ఒక అడుగు ముందుకు వేశాను.

“అత్తమ్మా, మీరు జర దూరం ఉండున్రి” అంది.

దీవెన కిసుక్కుమని నవ్వి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ప్రేమజ్యోతి నవ్వలేదు, కోప్పడనూ లేదు. గంజి తెల్లగా కింది గిన్నెలోకి దిగుతుంటే దాన్నే చూస్తోంది. ఇంటి వెనక శాంసన్ బండి కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను వెనక్కి నడిచి గడప మీద కూర్చున్నాను.